నీళ్లు వెనక్కి ఎలా వచ్చాయి?

ఆరేళ్ల కిందట ఓ ఇంటర్వ్యూ. మెకానికల్ బ్రాంచి కాబట్టి ‘వాల్వ్ ఓవర్‌ల్యాప్ అంటే ఏంటి?’ అని అడిగారు. టకటకా చెప్పేశా. ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుంటుంది, కాసేపు రెండూ కలిసి తెరిచే ఉంటాయి అని. ‘సరే, ఐడిల్‌లో దానివల్ల నష్టమేంటి?’ అన్నారు. గొంతులో తడారిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. జవాబు రెండేళ్ల తర్వాత ఎక్కడో పడవ ఇంజిన్ పొగగొట్టంలో దొరికింది నాకు.

అమెరికాలో హవాసు లాంటి సరస్సుల మీద వేగంగా తిరిగే పడవలు చాలానే ఉంటాయి. వాటిలో ఎన్నింటికో కారు ఇంజిన్లనే పడవకి తగ్గట్టు మార్చి పెడతారు. షెవర్లే 454, అంటే 7.4 లీటర్ల వి8 పెట్రోల్ ఇంజిన్, ఆ బాపతుదే. కారులో సైలెన్సర్ గొట్టం గాలికి చల్లారుతుంది. పడవలో ఇంజిన్ పెట్టెలో మూసి ఉంటుంది, వెనక గొట్టం రబ్బరుది. కాబట్టి ఇంజిన్ని చల్లార్చిన నీళ్లనే రైజర్ అనే వంపు గొట్టం దాటాక పొగలో కలిపేస్తారు. పొగ, నీళ్లు కలిసి వెనక నుంచి బయటికి పోతాయి. కంపెనీ నుంచి వచ్చిన ఇంజిన్‌తో ఏ గొడవా లేదు. ఓనరుకి ఇంకాస్త హార్స్‌పవర్ కావాలనిపించి, రేసు కారు క్యామ్‌షాఫ్ట్ తెచ్చి వేస్తాడు. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

చిన్న లెక్క వేద్దాం. 280 డిగ్రీల డ్యూరేషన్ ఉన్న క్యామ్, రెండు లోబ్‌ల మధ్య కోణం 110 డిగ్రీలు అనుకోండి. ఓవర్‌ల్యాప్ 60 డిగ్రీలు వస్తుంది. ఇప్పుడు ఇంజిన్ 700 ఆర్‌పీఎం దగ్గర ఐడిల్‌లో ఉంది. ఒక సిలిండర్ రెండు చుట్లకి ఒకసారే పొగ వదులుతుంది, అంటే 0.17 సెకనుకి ఒకసారి. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు. అంటే ఆ కాస్త విరామంలోనే పొగ తోపు గొట్టం చివరిదాకా వెళ్లి, తెరిచి ఉన్న చివర తగిలి, పీల్చే అలగా మారి వెనక్కి ఎన్నోసార్లు రాగలదు. దానికి తోడు ఐడిల్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, ఇన్‌లెట్ వైపు వాక్యూమ్ ఎక్కువ. రెండు వాల్వులూ తెరిచి ఉన్న ఆ 60 డిగ్రీల్లో సిలిండర్ పొగగొట్టం నుంచి వెనక్కి లాక్కుంటుంది. పొగతో పాటు నీటి తుంపర కూడా వస్తుంది. దీన్నే రివర్షన్ అంటారు. స్పీడు పెంచితే పొగ ధాటికి నీళ్లు ముందుకే పోతాయి. అందుకే పరుగెత్తేటప్పుడు బ్రహ్మాండంగా ఉండే ఇంజిన్ ఒడ్డున నెమ్మదిగా తిప్పేటప్పుడే పాడవుతుంది. మొదట ఎగ్జాస్ట్ వాల్వులు తుప్పు పడతాయి. నీరు ఎక్కువగా చేరితే మర్నాడు స్టార్ట్ చేసేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, నీటిని పిస్టన్ నొక్కలేదు కదా.

ఇక్కడ చాలామందికి మొదట తోచేది వెనక గొట్టం మూతికి రబ్బరు ఫ్లాప్ బిగించడం. (నేనైనా ఆ ఇంటర్వ్యూలో అదే చెప్పేవాడినేమో.) అల కొట్టినప్పుడు బయటి నీళ్లు లోపలికి రాకుండా ఫ్లాప్ ఆపుతుంది, నిజమే. కానీ మన కేసులో నీళ్లు బయటి నుంచి రావట్లేదు. ఇంజిన్‌కీ ఫ్లాప్‌కీ మధ్యలో మన పంపే పోస్తోంది.

కాబట్టి పొగ, నీళ్లు కలిసే చోటుని ఇంజిన్‌కి దూరంగా జరపాలి. ఒక పద్ధతి రైజర్ కింద 3 లేదా 6 అంగుళాల స్పేసర్ పెట్టి ఎత్తు పెంచడం. ఇంకోటి, రైజర్‌లో పొగ పోయే లోపలి గొట్టానికి స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క వెల్డ్ చేసి పొడిగించడం. అప్పుడు నీళ్లు ఆ గొట్టం చుట్టూ పారుతూ పోయి, దాని చివర దాటాకే పొగలో కలుస్తాయి. చుట్టూ ఖాళీ సరిగా వదలాలి. ఇరుకైతే నీటి దారి మూసుకుపోయి ఇంజిన్ వేడెక్కుతుంది, రబ్బరు హోసు తడవకపోతే కాలిపోతుంది. పొగ ఎక్కడైనా బయటికి లీకైతే కార్బన్ మోనాక్సైడ్ ఇంజిన్ పెట్టెలోకి, అక్కణ్నుంచి మనుషులు కూర్చునే చోటికి వస్తుంది. ఈ పని యూట్యూబ్ చూసి గ్రైండర్ పట్టుకునే రకం కాదు.

నన్నడిగితే గొట్టం జోలికి వెళ్లకముందు చేయాల్సిన పని వేరే ఉంది. సిలిండర్‌లో నీళ్లు కనిపించిన ప్రతిసారీ అది రివర్షన్ కాదు. హెడ్ గాస్కెట్ పోయుండొచ్చు. ఉప్పునీటిలో తిరిగే పడవైతే కాస్ట్ ఐరన్ మానిఫోల్డ్ లోపల తినేసి ఉండొచ్చు, దాన్ని విప్పి, దారులు మూసి, గాలి ఒత్తిడి పెట్టి చూడాలి. రైజర్ విప్పి లోపల చూస్తే కూడా కొంత తెలుస్తుంది. పొడిగా ఉన్న భాగం మసితో నల్లగా ఉంటుంది, నీళ్లు తగిలిన భాగం కడిగినట్టో తుప్పు పట్టినట్టో ఉంటుంది. ఆ గీత ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవాలి. ఇవేవీ చేయకుండా గొట్టం మార్చితే డబ్బు పోతుంది, నీళ్లు మాత్రం మళ్లీ వస్తాయి. ఒక్కోసారి అసలు మార్చాల్సింది క్యామ్‌నే. లోబ్‌ల కోణం 110 బదులు 114 ఉన్నది వేస్తే అదే డ్యూరేషన్‌కి ఓవర్‌ల్యాప్ 52 డిగ్రీలకి దిగుతుంది. పవర్ కొంచెం వదులుకోవాల్సి రావచ్చు. ఓనరుకి ఆ మాట చెప్పడం వెల్డింగ్ కన్నా కష్టం!

‘ఇదంతా అమెరికా పెట్రోల్ పడవల గోల, మనకెందుకు’ అనొచ్చు మీరు. పొగలో నీళ్లు కలిపే డీజిల్ పడవల్లోనూ వేరే దారిన నీళ్లు వెనక్కొస్తాయి. ఇంజిన్ స్టార్ట్ కాక స్టార్టర్‌ని పదేపదే తిప్పుతుంటే పంపు నీళ్లు పోస్తూనే ఉంటుంది, వాటిని తోసేయడానికి పొగ ఉండదు. మఫ్లర్ నిండి నీళ్లు సిలిండర్లోకి ఎక్కుతాయి. అందుకే ఎక్కువసేపు స్టార్టర్ తిప్పాల్సి వస్తే సముద్రపు నీటి వాల్వ్ మూసేయాలి, ఇంజిన్ అందుకోగానే తెరవాలి. విశాఖలోనే సిఫ్‌నెట్ యూనిట్ ఉంది, అక్కడి మెరైన్ ఫిట్టర్ కోర్సు పడవ ఇంజిన్ల పనికి సంబంధించిందే. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ కూడా అదే ఊళ్లో ఉంది. మెకానికల్ చదివి, కోర్ జాబ్‌లు లేవని నాలుగో ఏడాదిలోనే జావా కోచింగ్‌కి వెళ్లిపోతున్నవాళ్లని తప్పు పట్టను, నేనూ వెళ్లినవాడినే. కానీ రెజ్యూమెలో పది సర్టిఫికెట్ల పేర్లు రాసేవాళ్లలో ఎంతమంది ఒక్క ఫెయిల్యూర్‌ని మొదటి నుంచి చివరిదాకా విప్పి చెప్పగలరు? ఫైనలియర్ ప్రాజెక్టుని బయట కొనే డబ్బుతో ఓ పాత సింగిల్ సిలిండర్ ఇంజిన్ దొరుకుతుందేమో వాకబు చేయండి. ముందు క్యామ్ ఇంజిన్‌లో ఉండగానే క్రాంక్‌షాఫ్ట్‌కి డిగ్రీ చక్రం పెట్టి, మీ చేత్తో ఓవర్‌ల్యాప్ కొలవండి. తర్వాత ఐడిల్‌లో ఏమవుతుందో కాగితం మీద లెక్క వేయండి.