సైకిలు స్టాండూ, ఓ సడన్ బ్రేకూ

కిందటి సంక్రాంతికి హైదరాబాదు నుంచి పామర్రు వెళ్తూ సైకిల్ని ఇన్నోవాలో వేసుకెళ్ళా. పొద్దున్నే కాలవ గట్ల మీద కూచిపూడి వైపు తొక్కాలని సరదా. వెనక సీట్లు మడిచి, సైకిల్ని పడుకోబెట్టి, "ఎక్కడికి పోతుందిలే" అనుకున్నా. ఉయ్యూరు దాటాక గేదె అడ్డమొచ్చింది. బ్రేకు వేశా. హ్యాండిల్ బారు ఎగిరొచ్చి మావాడి తల పక్కన సీటుకి గుద్దుకుంది. జానెడు దూరం, అంతే. ఆ పూటంతా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

తర్వాత లెక్కేశా. 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో వదులుగా ఉన్న వస్తువుకుండే శక్తి, అదే వస్తువు పాతిక మీటర్ల ఎత్తు నుంచి కిందపడినప్పటి శక్తితో సమానం. అంటే దాదాపు ఎనిమిదో అంతస్తు. ఇదంతా ఇంటర్ ఫిజిక్సే. ఎంసెట్‌కి చదివాం, బండెక్కగానే మర్చిపోయాం.

సరే, స్టాండు చేద్దామని కూర్చున్నా. బజార్లో దొరికేవి ఎక్కువగా బండి బయట తగిలించేవే. లోపల పెట్టాలంటే మన బండి కొలతా, మన సైకిలు కొలతా చూసుకుని చేసుకోవాల్సిందే. ముందు చక్రం తీసేసి, ఫోర్కుని చెక్క మీద ఓ గొట్టానికి బిగించాలి, అదీ ఐడియా. అటక మీదున్న పాత సైకిలు హబ్ పెట్టి చూస్తే సందు మిగిలింది. నా ఫోర్కు వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఆ హబ్ అంతకన్నా సన్నం. లాప్‌టాప్‌లో బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా గీశా లెండి.

కనుమ వెళ్ళాక ఆ బొమ్మ పట్టుకుని ట్రాక్టరు ట్రక్కులు చేసే వెల్డింగు షాపుకెళ్ళా. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని చూసి ఒక్కటే అడిగాడు.

"సైకిల్ని చెక్కకి బిగించారు బానే ఉందండీ. మరి చెక్కని దేనికి బిగిస్తారు?"

నా దగ్గర సమాధానం లేదు. బస్తాలేసి మోకు బిగించే ట్రక్కులు చేసే మనిషికి వచ్చిన మొదటి ప్రశ్న, పదిహేనేళ్ళుగా డిజైన్ రివ్యూలు చేస్తున్న నాకు తట్టనేలేదు.

100 మిల్లీమీటర్ల గొట్టం కోసి, ఇనప పట్టీకి వెల్డింగు చేసి, పట్టీని చెక్కకి బోల్టులేసి, చెక్కని బండి అడుగున సీట్లు పట్టుకునే ఇనప కొక్కాలకి రెండు బెల్టులతో కట్టాం. వెనక చక్రానికి ఇంకో బెల్టు. తీసిన చక్రానికీ ఒకటి, అది మాత్రం ఎగరదా ఏంటి? ఖర్చు పదకొండొందలు. తిరుగు ప్రయాణంలో వెనకెవరూ లేకుండా చూసుకుని రెండుసార్లు గట్టిగా బ్రేకు వేశా. కదల్లేదు.

మీరూ చేయిద్దామనుకుంటే ముందు ఇరుసు కొలవండి, కొత్త సైకిళ్ళకి వేరే రకం లావు ఇరుసులొస్తున్నాయి. డిస్కు బ్రేకులైతే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, పొరపాటున బ్రేకు నొక్కితే అతుక్కుపోతాయి.

నేననేది ఒక్కటే. స్టాండు సైకిలు మీద గీతలు పడకుండా కాదండీ, ముందు సీట్లో పిల్లాడి కోసం. అంత ఓపిక లేకపోతే సైకిలు ఇంట్లోనే వదిలెయ్యండి. ఊళ్ళో ఎవరో ఒకరి సైకిలు దొరక్కపోదు.