దీపస్తంభము

వీధిలో నిలిచిన దీపస్తంభము కంటె నిరాడంబరుడైన ప్రజాసేవకుడు మరియొకడు లేడు. వెలుగిచ్చుట దాని విధి. కాని ప్రజలు దానివలన పొందు ప్రయోజనములు వెలుగుతో ముగియుట లేదు. మిరపకాయ బజ్జీల బండివానికి అదియే దుకాణము. పూలమ్ముకొను స్త్రీకి అదియే ఆసరా. ఆటోవారికి అదియే మజిలీ. ఊరికి క్రొత్తవానితో “మూడవ స్తంభము దాటి కుడివైపు సందు” అన్నచో చిరునామా పూర్తియగును. దాగుడుమూతలలో దొంగ కన్నులు మూసికొను చోటును అదియే.

విద్యకును ఈ స్తంభమునకును గల బంధుత్వము లోకప్రసిద్ధము. మదరాసు హైకోర్టున న్యాయమూర్తి పదవి నందిన మొదటి భారతీయుడు సర్ టి. ముత్తుస్వామి అయ్యరుగారును, వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులును బాల్యమున వీధిదీపముల క్రింద చదువుకొనిరని పెద్దలు చెప్పుదురు. ఈ కథలను బాలురకు వినిపించి సంతోషించుట సులభమే. ఇంట చోటు చాలని బాలుని కొరకు మన వీధి చివరి దీపము నేడు వెలుగుచున్నదా యని విచారించువా రెందరు?

వీధిదీపము దయాధర్మము గాదు; పౌరుల హక్కు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘముల చట్టము ఆస్తిపన్నులో దీపపు పన్నును చేర్చి వసూలు చేయుట కధికార మొసగినది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పండ్రెండవ షెడ్యూలున వీధిదీపములను పురపాలక కార్యములలో పేర్కొన్నది. పన్ను గైకొని దీపము వెలిగింపకుండుట ఋణ మెగవేయుటయే. ధనికుల పేటలో దీప మారినచో మరునాడే నిచ్చెన వచ్చును; పేదల వాడలో నెలలు గడచినను రాదు. రాత్రి పనినుండి మరలు స్త్రీలు ఆ చీకటిలోనే నడువవలసి యున్నది. ఇక పట్టపగలు వెలుగు దీపముల సంగతి వేరు: 100 వాట్ల దీపము 10 గంటలు వృథాగా వెలిగినచో ఒక యూనిటు విద్యుత్తు గంగపాలు.

అయితే తప్పంతయు సంఘముపై మోపి మనము తప్పించుకొనరాదు. స్తంభమునకు ఫ్లెక్సీలు కట్టువా రెవరు? కేబులు తీగలు చుట్టబెట్టువా రెవరు? ఉత్సవమునకు కొక్కెము తగిలించి కరెంటు లాగువా రెవరు? ఇనుప స్తంభమున తీగ తొడుగు చినిగి, వానకు తడిసి, ఎర్తు తీగయు చెడియున్నచో ముట్టినవాని ప్రాణమే పోవును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున స్తంభములను గూల్చి నగరమును చీకటిలో ముంచినపుడు గాని వాని విలువ యెల్లరకు తెలియలేదు. విపత్తు వచ్చిన పిదప మేల్కొనుట పౌరధర్మము గాదు.

ప్రతి స్తంభముపైని దాని సంఖ్యయు, ఫిర్యాదు చేయవలసిన ఫోను సంఖ్యయు వ్రాయింపవలెను. వానకాలమునకు ముందే తీగలను పరీక్షింపవలెను. ఆరిన దీపమును గడువులోపల వెలిగింపని కాంట్రాక్టరునకు జరిమానా విధింపవలెను. వార్డు సభ్యులు నెలకొక రాత్రియైనను కాలినడకన తమ వీధులు తిరుగవలెను. ఓట్లడుగ వచ్చువారిని పగలు గాక రాత్రివేళ మన వీధికి రమ్మని కోరుదము. మనము వేరుగా మహజరు లర్పింప బనిలేదు. చీకటియే వారికి సమస్తమును విన్నవించును.