సైకిలెక్కే బరువుకో లెక్క!

శనివారం వచ్చిందంటే కోనసీమ దారులన్నీ వాడపల్లి వైపే. ఏడు శనివారాల మొక్కుతో వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ల కార్లూ ఆటోలతో ఊరిదారి కిటకిటలాడిపోతుంది. ఆ రద్దీలోనే పనికెళ్లే పెద్దలూ, ట్యూషన్‌కెళ్లే పిల్లలూ రోడ్డు అంచు పట్టుకుని సైకిళ్ల మీద సాగిపోతుంటారు. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ, వీపున పుస్తకాల సంచి, వెనకాల ఇంకేదో మూట! సంచి ఒక్కసారి అటు ఊగినా, వేలాడే పట్టీ చక్రంలో పడినా ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే సైకిలు కొనేటప్పుడు రంగు చూసినంత శ్రద్ధగా దాని క్యారియర్‌నీ, దానికి తగిలించే సంచినీ కూడా చూసుకోవాలి.

గెలల సైకిలు చెప్పే పాఠం

రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు తీసుకెళ్లే సైకిలుని గమనించండి. బరువంతా ఒకవైపే ఉండదు. అటు ఎన్ని గెలలో ఇటూ అన్నే. పాలక్యాన్లూ అంతే... చెరోపక్కా వేలాడుతుంటాయి. బరువు ఎంత కిందికి, ఎంత సమంగా ఉంటే సైకిలు అంత నిలకడగా నడుస్తుంది. పాశ్చాత్య దేశాల్లో సైకిలుకి రెండువైపులా తగిలించే సంచుల్ని ‘ప్యానియర్లు’ అంటారు. రొట్టెల బుట్ట అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందీ పేరు. మన కోనసీమవాసులకి పేరే కొత్త, పద్ధతి కాదు.

అదే బరువుని హ్యాండిల్‌కి తగిలిస్తే మలుపు తిప్పిన ప్రతిసారీ సంచి ఊగి, చక్రాన్ని తనవైపు లాగుతుంది. వీపున వేసుకుంటే మెడా నడుమూ నొప్పెడతాయి, చెమటకి చొక్కా తడిసిపోతుంది. కాబట్టి బరువుకి సరైన చోటు వెనక చక్రం పక్కనే.

ఏ సైకిలుకి ఏ క్యారియర్?

పాతకాలం పెద్ద సైకిలుతో చిక్కులేదు. ఇనుప క్యారియర్ కాళ్లు వెనక ఇరుసు నట్టుకే బిగుస్తాయి. చిక్కంతా పిల్లలు ముచ్చటపడే లావు టైర్ల గేరు సైకిళ్లతోనే. వీటిలో చాలావాటికి కొన్నప్పుడు క్యారియర్ ఉండదు. షాపులో ఉన్నదేదో బిగించేస్తే నప్పకపోవచ్చు.

ముందు టైరు పక్కనున్న అంకెలు చదవండి. పెద్ద సైకిలు టైరు మీద 40-635 అనీ, లావు టైరు మీద 54-559 అనీ... ఇలా ఉంటాయి. రెండో అంకె రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. 26 అంగుళాల టైర్లన్నీ ఒకటే అనుకోవద్దు. వాటిలో 559 ఉంది, 590 కూడా ఉంది. ఒక కొలత కోసం చేసిన క్యారియర్‌ని మరోదానికి బిగిస్తే వెనక్కి వాలిపోవడమో, మడ్గార్డుకి రాసుకోవడమో జరుగుతుంది.

తర్వాత ఇరుసు దగ్గర ఫ్రేముకి చిన్న మర కన్నాలున్నాయేమో చూడండి. ఉంటే అదృష్టమే. 5 మిల్లీమీటర్ల బోల్టుతో క్యారియర్ గట్టిగా కూర్చుంటుంది. డిస్కు బ్రేకు ఉన్న సైకిలుకి మామూలు క్యారియర్ కాలు అడ్డుతగలొచ్చు. అలాంటప్పుడు కాలు కాస్త బయటికి వంగిన రకం అడగండి. సీటు గొట్టానికే బిగించే క్యారియర్లూ దొరుకుతాయి కానీ అవి తేలికపాటి సామానుకే. క్యారియర్ మీద అచ్చువేసిన కిలోల అంకెని దాటకండి. ఆ లెక్కలో సంచి బరువు కూడా కలుస్తుంది.

కొక్కెం కుదరాలి

సంచి వెనకాల కొక్కేలుంటాయి. అవి క్యారియర్ కడ్డీని బిగుతుగా పట్టుకోవాలి. కడ్డీ సన్నగా ఉంటే సంచి గతుకుల్లో ఎగిరిపడుతుంది, లావుగా ఉంటే అసలు ఎక్కదు. అందుకే సంచి కొనడానికి సైకిలుతోనే వెళ్లండి. పట్టీబద్దతో చేసిన పాతరకం క్యారియర్‌కి కొక్కేల సంచి కుదరదు. పైనుంచి రెండువైపులా వేలాడే జోడు సంచి మేలు. దానికి లోపలివైపు గట్టి అట్ట ఉండాలి. లేకపోతే సంచి పుల్లల్లోకి వంగిపోతుంది.

తగిలించాక సీటెక్కి పెడలు పూర్తిగా తొక్కి చూడండి. మడమ సంచికి తగులుతుంటే సంచిని కొంచెం వెనక్కి జరపాలి. వెనకనున్న ఎర్ర రిఫ్లెక్టర్ కనబడుతోందా? సంచులు హ్యాండిల్ వెడల్పుని దాటి బయటికి రాకుండా ఉన్నాయా? ఇరుకు దారిలో ఆటో పక్కనుంచి దూసుకెళ్లినప్పుడు ఈ జాగ్రత్తే ప్రాణం కాపాడుతుంది.

వాన సంగతో?

జర్మనీకి చెందిన హార్ట్‌మట్ ఓర్ట్‌లీబ్ అనే కుర్రాడు ఇంగ్లండులో సైకిలు యాత్ర చేస్తూ వానకి తడిసి ముద్దయ్యాడట. దారిలో వెళ్తున్న లారీ టార్పాలిన్ చూసి, ఆ గుడ్డతోనే సంచి ఎందుకు కుట్టకూడదు అనుకున్నాడు. అలా 1982లో మొదలైన ఆయన కంపెనీ సంచులు ఇప్పుడు దేశదేశాల్లో సైకిళ్ల మీద తిరుగుతున్నాయి. అంత ఖరీదు పెట్టక్కర్లేదు. టార్పాలిన్ కుట్టే టైలర్‌కి కొలతలిస్తే మనకీ అలాంటిదే తయారవుతుంది. మూతిని మూడు మడతలు పెట్టి బిగించేలా కుట్టించుకుంటే తుపాను వానకీ పుస్తకాలు తడవవు.

సర్దడంలోనూ పద్ధతుంది. బరువైనవి అడుగున, చక్రం వైపు పెట్టాలి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఉంటే అన్నిటికన్నా పైన!

నెలకోసారి క్యారియర్ నట్లు బిగించండి. రోజూ గతుకుల్లో తిరిగితే అవి వదులవుతూనే ఉంటాయి. ఇక పిల్లల సంగతి. బడి సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం తెచ్చిన విధానం చెబుతోంది. అంటే 40 కిలోల పిల్లకి 4 కిలోలే. అంతకు మించితే క్యారియర్ మోస్తుందిలే అని ఊరుకోకండి. బడి దగ్గర దిగాక మెట్లెక్కి మోయాల్సింది మళ్లీ ఆ చిన్ని భుజాలే!