గాలి లెక్క సరే, నీళ్ల లెక్క?

మే నెలలో మా గోదావరిఖనిలో అందరి ఫోన్లలో ఒకటే ముచ్చట: ఇవాళ 45 డిగ్రీలు. అది గాలి లెక్క. చెరువు నీళ్లు ఎంత వేడెక్కాయో ఎవరూ అడగరు.

అడగాలి అంటాను. డాఫ్నియా అని నువ్వుగింజంత నీటి జీవి ఉంటుంది, చేపపిల్లలకు తిండి. 1929లో మెక్‌ఆర్థర్, బెయిలీ దాన్ని వేర్వేరు వేడిలో పెంచి చూశారు. 8 డిగ్రీల నీళ్లలో సగటున 108 రోజులు బతికింది, 28లో 26 రోజులే. వేడికి గుండె గబగబా కొట్టుకుంటుంది, తొందరగా ఎదుగుతుంది, తొందరగా పోతుంది. (సీఎస్ఈ వాళ్లం కదా, ఓవర్‌క్లాకింగ్ గుర్తొచ్చింది.)

వాళ్లు 28తో ఆపేశారు. మాకు 28 అంటే జనవరి మధ్యాహ్నం! మన చెరువుల్లో ఉండే మొయినా లాంటి దాని చుట్టాలు ఎండను ఎక్కువే ఓర్చుకుంటాయి, నిజమే. ఎంతవరకు? కొలిస్తేనే తెలిసేది.

ల్యాబ్‌లో థర్మామీటర్లు ఖాళీగానే ఉన్నాయి. ఈ మే నెలలో ఒకటి తాడుకు కట్టి చెరువులో వేద్దాం, రోజూ రాసి పెడదాం. నేనొస్తా.