పసిబిడ్డ మీద రాజీకాగితం



పిల్ల మీద ఎవడో చెయ్యి వేశాడని తెలిసిన రాత్రే ఊళ్లో పెద్దమనుషులు కూచుంటారు. "ఆడపిల్ల బతుకు బజారున పడుద్ది" అంటారు. పిల్ల మన వాడది, వాడు ఆధిపత్య కులపోడు అయితే పంచాయితీ ఇంకా తొందరగా తెగుతుంది. తెల్లారేసరికి తండ్రి వేలిముద్ర పడుతుంది.

ఆ కాగితం చెల్లదు.

2022 జనవరి. రాజస్థాన్‌లో ఒక దళిత బాలికను టీచరే లైంగికంగా వేధించాడని తండ్రి ఫిర్యాదు. పోక్సోతో పాటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు. నెల తిరక్కుండానే తండ్రి సంతకంతో రాజీపత్రం వచ్చింది, హైకోర్టు కేసు కొట్టేసింది. ఆ కుటుంబానికి ఏమీ కాని రాంజీలాల్ బైర్వా, ఇంకొకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 నవంబర్ 7న కోర్టు తేల్చింది: ఇది రెండు ఇళ్ల తగాదా కాదు, సమాజం మీద నేరం. రాజీ కుదిరిందని కేసు కొట్టేయడానికి లేదు.

ఆ తండ్రిని తిట్టకండి. రేపు కూలికి పిలిచేది ఎవరు? అసలు ప్రశ్న అది. దానికి జవాబు అట్రాసిటీ చట్టంలో ఉంది. దశలవారీగా పరిహారం, బాధితులకూ సాక్షులకూ రక్షణ, డీఎస్పీ స్థాయి దర్యాప్తు. అందుకే స్టేషన్‌లో పోక్సో ఒక్కటే రాసి ఆ సెక్షన్లు వదిలేస్తే, ఆ కుటుంబాన్ని రాజీ వైపు నెట్టినట్టే. తీవ్రమైన నేరాల్లో కులం కారణంగానే చేశాడని ఇప్పుడు నిరూపించనక్కర్లేదు, కులం తెలిసి చేస్తే చాలు. 2015 సవరణ తెచ్చిన మార్పు ఇది. ఊళ్లో కులం తెలియనివాడెవడు?

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి ఒక మాట. మన భాషలో 'అత్యాచారం' అంటే రేప్, అట్రాసిటీ రెండూ. దళిత బిడ్డ విషయంలో ఆ రెండర్థాలూ ఒక్క ఒంటి మీదే పడతాయి. ఎఫ్ఐఆర్‌లో మాత్రం ఒకటే మిగులుతుంది.

హాస్టళ్లలో, కాలేజీల్లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇవి గుర్తుంచుకోండి. 18 ఏళ్లు నిండని ఎవరైనా, మగపిల్లాడైనా, పోక్సో కిందికి వస్తారు. తెలిసీ పోలీసులకు చెప్పని పెద్దవాళ్లకు ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. పంచాయితీ పెద్దకూ మినహాయింపు లేదు. బిడ్డ వాంగ్మూలం ఇంట్లో గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు.

1098కి ఫోన్ చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా అడిగి తీసుకోండి. సెక్షన్లు మీరే చదవండి. పెద్దమనుషులు కూచునేలోపు మనం ఆ ఇంటికి చేరాలి.

జై భీమ్!