వెన్నునీటి పరీక్ష ఎవరి కోసం?

వెన్నులోంచి కాస్త నీరు తీసి చూస్తే ముసలితనంలో మతి పోతుందో లేదో ముందే తెలిసిపోతుందట. ఈ మాట విన్నప్పటి నుంచి, 'అబ్బాకు కూడా ఓసారి చేయించేద్దాం' అనే కొడుకులు కనిపిస్తున్నారు. అబ్బాను అడిగారా అంటే మాత్రం జవాబు లేదు.

పరీక్ష వట్టిది కాదు. అల్జీమర్స్ వ్యాధిలో అమిలాయిడ్ అనే ప్రోటీను మెదడులో పేరుకుపోతుంది. అక్కడే చిక్కుకుంటుంది గనుక వెన్నునీటిలో దాని పాలు తగ్గుతుంది. టావ్ అనే మరో ప్రోటీను పెరుగుతుంది. మరుపు బయటపడటానికి 15, 20 ఏళ్ళ ముందే ఈ మార్పులు మొదలు కావచ్చు. వెన్నులో సూది వేస్తే కాళ్ళు పడిపోతాయన్న భయం మన ఇళ్ళలో ఉంది. వెన్నుపాము ముగిసిన చోటికి కిందనే సూది వేస్తారు. కొందరికి కొద్దిరోజులు తలనొప్పి వస్తుంది, అంతే.

అయితే 2022 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇలాంటి పరీక్షకు అనుమతి ఇచ్చింది 55 ఏళ్ళు దాటి, జ్ఞాపకశక్తి తగ్గి ఆస్పత్రికి వచ్చినవారి కోసం. నిక్షేపంగా తిరుగుతున్నవారి జాతకం చూడటానికి కాదు! ప్రోటీన్లు మారినా జీవితాంతం మతి చెడనివారు ఎందరో ఉన్నారు. లక్షణాలు లేనివారిని రోగులనకూడదని 2024లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది కూడా. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మరుపూ ఉంది. ముందు చూడవలసినవి అవి.

నిజంగానే మరుపు మొదలై, డాక్టరు పరీక్ష అవసరమన్నారనుకుందాం. అప్పుడు జరిగేదేమిటి? రిపోర్టు కొడుకు చేతికి వస్తుంది. డాక్టరు వరండాలో నాలుగు ముక్కలు చెబుతారు. పెద్దాయనతో మాత్రం 'ఏం లేదు అబ్బా, బలానికి మాత్రలు' అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనం. కానీ తీర్చవలసిన అప్పులు, మిగిలిపోయిన మెహర్, రాయవలసిన వసీయత్ ఆయన తెలివిలో ఉండగానే తేలాలి. ఆ వ్యవధి ఉందని ఆయనకే చెప్పకపోతే పరీక్ష చేయించి ఏం లాభం? ఫలితం ముందుగా ఆయనదే అని మా అభిప్రాయం. సంబంధాలు చూసేవారి చెవిన పడవలసింది అసలే కాదు.

2025లో రక్తపరీక్షకూ అక్కడ అనుమతి వచ్చింది. సూది భయం పోతే తొందర మరింత పెరుగుతుంది.

ఆయన 'నాకు తెలుసుకోవాలని లేదు' అంటే? ఆపేయవలసిందే. బీపీ, షుగరు, వినికిడి చూపించవచ్చు. వాటికి వెన్నులో సూది అక్కర్లేదు.