పార్ట్‌టైమ్ దగ్గర సున్నా వేసుకుని రండి

అరోరాలో బాలాజీ గుడి దగ్గర గానీ, రూట్ 59 చుట్టుపక్కల మన కిరాణా షాపుల్లో గానీ కొత్తగా వచ్చిన విద్యార్థులు కనిపిస్తే రెండు నిమిషాల్లో వచ్చే మాట ఒకటే. ‘‘అంకుల్, ఎక్కడైనా పార్ట్‌టైమ్ ఉంటే చెప్పండి.’’ ఏ కోర్సు, ఏ ప్రొఫెసర్, ఇక్కడి చలికి ఎలాంటి కోటు కొనాలి అన్నవి ఆ తర్వాతే. అడగడంలో తప్పు లేదు. ఇంటి మీద అప్పు తెచ్చి వచ్చిన పిల్లలు అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి. నా అభ్యంతరమంతా దానికి మన పెద్దల నుంచి వచ్చే జవాబు మీద. ‘‘ఫలానా రెస్టారెంట్‌లో అడుగు బాబూ, క్యాష్ ఇస్తారు’’ అని ఎంతో ప్రేమగా చెప్పి పంపేస్తున్నారు.

అరోరా పెద్ద యూనివర్సిటీల ఊరేమీ కాదు. అరోరా యూనివర్సిటీ, వాబన్సీ కమ్యూనిటీ కాలేజీ ఉన్నాయి. కానీ రోమియోవిల్‌లోని లూయిస్ యూనివర్సిటీలోనో, డికాల్బ్‌లోని నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీలోనో, చికాగో డౌన్‌టౌన్ కాలేజీల్లోనో చదివే మన పిల్లలు ఇటువైపు గది తీసుకుంటారు. గుడి ఉంది, మన కూరగాయలు దొరుకుతాయి, చికాగోకు రైలుంది. మన హోటళ్లు, షాపులు కూడా ఇక్కడే ఎక్కువ. పని కోసం ఇటు చూడటానికి అదే కారణం.

ఎఫ్-1 వీసా మీద వచ్చినవాళ్లకు నిబంధన సూటిగానే ఉంది. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తి సమయం పనిచేయవచ్చు. క్యాంపస్ బయట పని కావాలంటే కోర్సులో భాగంగా ఇచ్చే సీపీటీ ఉండాలి, లేదా చదువు తర్వాత ఓపీటీ ఉండాలి. అనుకోని ఆర్థిక కష్టం వస్తే ఒక విద్యాసంవత్సరం పూర్తయ్యాక ప్రభుత్వాన్ని ప్రత్యేక అనుమతి అడిగే దారి కూడా ఒకటుంది. ఇవేవీ లేకుండా బయట గంట పనిచేసినా అది ఉల్లంఘనే. చేతికి క్యాష్ ఇచ్చారా, చెక్ ఇచ్చారా అన్నదానితో నిమిత్తం లేదు. స్నేహితుడి ఖాతా మీద ఫుడ్ డెలివరీ చేసినా అంతే.

మనవాళ్లలో చాలామంది ఎరగని సంగతి ఇంకొకటుంది. సబ్జెక్టులు తగ్గడం వల్లో, కాగితం ఆలస్యమవడం వల్లో వీసా హోదా పోతే, కారణం సరైనదైతే దాన్ని తిరిగి పునరుద్ధరించమని కోరే అవకాశం చట్టంలో ఉంది. అయితే ఆ అవకాశం వాడుకోవాలంటే అనుమతి లేని ఉద్యోగం చేసి ఉండకూడదు. అంటే మిగతా పొరపాట్లకు మందుంది, దీనికి లేదు. పదేళ్ల తర్వాత గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు నింపే ఐ-485 ఫారంలో కూడా ‘అమెరికాలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా’ అన్న ప్రశ్న ఉంటుంది. ఇరవై మూడేళ్ల వయసులో దోసెల పెనం దగ్గర నిలబడిన నాలుగు నెలలకు ముప్పై అయిదేళ్ల వయసులో సంతకం పెట్టి జవాబు చెప్పుకోవాలి.

మరి సంపాదించుకునే దారే లేదా అంటే ఉంది. మనవాళ్లు దాన్ని చులకన చేస్తారు, అంతే.

క్యాంపస్ ఉద్యోగం అనగానే ‘‘అవి దొరకవండీ’’ అంటారు. అందరికీ దొరకవు, నిజమే. కానీ దొరకని వాళ్లలో సగం మంది సెప్టెంబర్ వచ్చాక వెతకడం మొదలుపెట్టినవాళ్లేనని నా అనుమానం. కొత్త విద్యార్థి కోర్సు మొదలవడానికి 30 రోజుల ముందు నుంచే క్యాంపస్‌లో పనికి చేరవచ్చు. చాలా యూనివర్సిటీలు ఉద్యోగాలను హ్యాండ్‌షేక్ అనే సైట్‌లో పెడతాయి. అడ్మిషన్ ఖాయమై కాలేజీ ఈమెయిల్ చేతికొచ్చిన రోజే అందులో చేరి, హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చునే దరఖాస్తు పెట్టుకోవచ్చు. డైనింగ్ హాలు, లైబ్రరీ, జిమ్ కౌంటర్, హాస్టల్ రిసెప్షన్, కంప్యూటర్ హెల్ప్‌డెస్క్, ట్యూటరింగ్ సెంటర్... వీటిలో డైనింగ్ హాలు పని సాధారణంగా ముందు దొరుకుతుంది, ఎందుకంటే అది ఎవరికీ ఇష్టం ఉండదు. క్యాంపస్ లోపల విద్యార్థుల కోసం నడిచే పుస్తకాల షాపు, కాఫీ షాపు ప్రైవేటు కంపెనీవైనా క్యాంపస్ ఉద్యోగం కిందికే వస్తాయి. డిసెంబర్‌లో సీనియర్లు డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోతారు కాబట్టి అప్పుడు మళ్లీ ఖాళీలు పడతాయి. సెమిస్టర్ పరీక్షల హడావిడిలో మనవాళ్లు ఆ రెండు వారాలు వదిలేస్తారు.

ఇంతకంటే విలువైనది గ్రేడర్, టీచింగ్ అసిస్టెంట్, రీసెర్చ్ అసిస్టెంట్ పని. కొన్నిచోట్ల అసిస్టెంట్‌షిప్‌తో పాటు ఫీజులో కోత కూడా ఉంటుంది. ఆ కోత విలువ ముందు ఏ హోటల్ క్యాష్ అయినా చిల్లరే. అయితే అవి కావాలంటే మొదటి సెమిస్టర్‌లో మార్కులు బాగుండాలి, ప్రొఫెసర్‌కు ముఖం తెలియాలి. రాత్రి ఒంటిగంట దాకా గిన్నెలు కడిగి, పొద్దున క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయే పిల్లవాడికి ఆ రెండూ కుదరవు. గంటకు ఎంతిస్తున్నారన్న లెక్కలో ఈ నష్టం ఎవరూ వేసుకోరు.

లెక్కే చూద్దాం. ఇల్లినాయ్‌లో 2025 జనవరి 1 నుంచి కనీస వేతనం గంటకు 15 డాలర్లు. ఆ రేటున 20 గంటలు పనిచేస్తే వారానికి 300. రెండు సెమిస్టర్లు కలిపి 30 వారాలు అనుకుంటే 9,000 డాలర్లు. ఎఫ్-1 విద్యార్థికి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. అదే 7.65 శాతం మిగులు. పైగా భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ వల్ల మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ వాడుకోవచ్చు. చాలా దేశాల విద్యార్థులకు ఈ వెసులుబాటు లేదు. 2024 సంవత్సరానికి ఆ డిడక్షన్ 14,600 డాలర్లు. కాబట్టి 9,000 సంపాదించినవాళ్లకు ఫెడరల్ పన్ను సున్నా. జీతంలో ముందే కోసి ఉంటే 1040-ఎన్ఆర్ ఫారం వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రూమ్‌మేట్ చెప్పాడని మామూలు 1040 వేసేస్తుంటారు. అది రెసిడెంట్ల ఫారం, విద్యార్థులది కాదు. రాష్ట్ర పన్ను 4.95 శాతం మాత్రం తప్పదు.

ఇక మన క్యాష్ సంగతి. గంటకు 8, 9 డాలర్లు ఇచ్చి భోజనం పెడితే గొప్ప ఉపకారం చేసినట్టు ఇక్కడ చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. తొమ్మిది లెక్కన 20 గంటలకు 180 డాలర్లు. క్యాంపస్ పనికీ దీనికీ వారానికి 120 డాలర్ల తేడా. టిప్పులు వచ్చే ఉద్యోగంలో కూడా టిప్పులతో కలిపి గంటకు 15 డాలర్లకు తగ్గకూడదన్నది ఇల్లినాయ్ చట్టం. వారం చివర డబ్బు ఇవ్వకుండా ‘వచ్చే వారం చూద్దాం’ అంటే పిల్లవాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఫిర్యాదు చేస్తే తన వీసాకే ఎసరు అని వాడికి తెలుసు. యజమానికి ఇంకా బాగా తెలుసు.

‘‘పాపం, ఆకలితో ఉన్న పిల్లలకు దారి చూపిస్తున్నాం’’ అంటారు షాపులవాళ్లు. కొందరిది నిజమైన జాలే, నేను కాదనను. అలాంటప్పుడు అన్నం పెట్టండి, పనిలో పెట్టొద్దు. అనుమతి లేదని తెలిసి పనిలో పెట్టుకోవడం 1986 నుంచీ యజమానికి కూడా నేరమే. పట్టుబడితే యజమాని జరిమానా కట్టి మళ్లీ షట్టర్ ఎత్తుతాడు, పిల్లవాడు విమానం ఎక్కుతాడు.

రాత్రి గ్యాస్ స్టేషన్ల గురించి వేరే చెప్పాలి. వీసా మాట పక్కన పెట్టినా సరే. 2023 ఏప్రిల్‌లో ఒహాయోలోని కొలంబస్‌లో, 2024 నవంబర్‌లో మన చికాగోలో, 2025 అక్టోబర్‌లో డాలస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్లలో కాల్పులకు తెలుగు విద్యార్థులు బలయ్యారు. ప్రతిసారీ మనం విరాళాలు సేకరించి శవపేటికను ఇంటికి పంపిస్తాం. మన సంఘాలు ఆ పని ఎంతో శ్రద్ధగా చేస్తాయి, అందుకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఒంటరిగా, రాత్రి షిఫ్టుకు, నెల క్రితం దేశంలోకి దిగిన కుర్రాణ్ని కౌంటర్ వెనక నిలబెడుతున్నదెవరని ఆ సంతాప సభల్లో ఎవరూ అడగరు. చాలాచోట్ల ఆ స్టేషన్ యజమాని కూడా మనవాడే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అరోరా, నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు, అంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లకు, ఏ అడ్డంకీ లేదు. కాలేజీలో చదువుతూ ఎక్కడైనా పనిచేయవచ్చు. అర్హత ఉంటే ఫెడరల్ వర్క్-స్టడీ కింద క్యాంపస్‌లో ఉద్యోగం కూడా వస్తుంది. వాళ్లను మాత్రం తల్లిదండ్రులు పనికి పంపరు. ‘‘మావాడికి ఏం ఖర్మ, చదువుకోనివ్వండి’’ అంటారు. చేయడానికి హక్కున్నవాడు ఇంట్లో, హక్కు లేనివాడు వంటింట్లో! మన హోటళ్లు శని, ఆదివారాలకు మన కాలనీ పిల్లలనే పెట్టుకుంటే, అదీ పేరోల్ మీద, వాళ్లకూ రూపాయి విలువ తెలుస్తుంది. ఇక హెచ్-4 మీద పెరుగుతున్న పిల్లల బాధ మరొకటి. క్లాస్‌మేట్లంతా ఐస్‌క్రీమ్ షాపులో వేసవి ఉద్యోగం చేస్తుంటే, తనకెందుకు కుదరదో పదహారేళ్ల పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం ఏ తల్లికైనా కష్టమే.

ఉపకారం చేయాలన్న మనసున్న వ్యాపారులకు చట్టం లోపలే చోటుంది. ఈ చుట్టుపక్కల మనవాళ్ల ఐటీ కంపెనీలు కొన్ని ఉన్నాయి. ఒక విద్యాసంవత్సరం పూర్తిచేసిన విద్యార్థికి, చదువుకు నిజంగా సంబంధించిన పని ఇచ్చి, కాలేజీ ఒప్పుకుంటే సీపీటీ మీద జీతమిచ్చి తీసుకోవచ్చు. సీపీటీ పూర్తి సమయం 12 నెలలు వాడేస్తే ఓపీటీ పోతుందని విద్యార్థి గుర్తుపెట్టుకోవాలి. అయితే ఇదంతా అసలైన కాలేజీ, అసలైన పని అయితేనే. చేరిన రోజు నుంచే పనిచేసుకోవచ్చని ఊరించిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కథ 2019 జనవరిలో ఎలా ముగిసిందో మనకు తెలుసు. మిషిగన్‌లో ఆ కాలేజీని నడిపింది ప్రభుత్వ ఏజెంట్లే. చేరిన సుమారు 600 మందిలో ఎక్కువమంది తెలుగువాళ్లు. చేర్పించి కమీషన్ తీసుకున్నారని అరెస్టయిన ఎనిమిది మందీ మనవాళ్లే.

తెలుగు సంఘాలకు కూడా ఒక మాట. వేడుకల్లో సినిమా తారల ఫొటోల కోసం వరుసలు కట్టిస్తారు, బాగానే ఉంది. ఆగస్టులో ఒక శనివారం, జనవరిలో ఒక శనివారం గుడి హాలులో కూర్చుని రెజ్యూమె దిద్ది, హ్యాండ్‌షేక్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలో చూపించి, ఏప్రిల్‌కు ముందు పన్ను ఫారం నింపడం నేర్పితే పెద్ద ఖర్చు కాదు. ఇక్కడ క్యాంపస్ ఉద్యోగాలు చేసి పైకి వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు, పిలిస్తే వస్తారు.

చివరిగా అక్కడి తల్లిదండ్రులకు. 40 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి వడ్డీయే 4,40,000 రూపాయలు, నెలకు 36,000 పైన. ‘‘మీవాడు వెళ్లిన రెండో నెల నుంచే పార్ట్‌టైమ్ చేసి కట్టుకుంటాడు’’ అని కన్సల్టెన్సీలు చెబుతాయి. అదే కన్సల్టెన్సీ మీ చేత ఐ-20 కోసం మొదటి ఏడాది ఖర్చంతా మా దగ్గర ఉందని కాగితం చూపించింది. రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేవు. మీ దగ్గరున్న ఖర్చుల కాగితం తీసి, అందులో పార్ట్‌టైమ్ ఆదాయం అన్న వరుస ఉంటే కొట్టేసి మళ్లీ కూడండి. క్యాంపస్ ఉద్యోగం దొరికితే అది పైసొమ్ము, అప్పుడు చూసుకోవచ్చు. దొరకకపోయినా నెల గడవాలి. అలా కూడినప్పుడు పడే లోటు చిన్నదైతే తక్కువ ఫీజున్న ప్రభుత్వ యూనివర్సిటీ వెతకండి. పెద్దదైతే పిల్లవాణ్ని ఒక ఏడాది అక్కడే ఉద్యోగం చేసి, కొంత వెనకేసుకుని బయలుదేరమనండి.